ఏడో తరగతి పిల్లలకు నవలల ద్వారా 'రేస్' గురించి ఎలా చెప్పాలి?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ఉపాధ్యాయుల ఎక్స్చేంజ్ వీసా మీద అమెరికా వచ్చి, ఆగస్టు నుంచి ఒక పబ్లిక్ మిడిల్ స్కూల్లో ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్పబోతున్నారు. మీకు అప్పగించిన పాఠాల్లో రేస్‌తో, అంటే ఒంటిరంగునూ పూర్వీకులనూ బట్టి మనుషులను వర్గాలుగా విడదీయడంతో, ముడిపడిన నవల ఒకటి ఉంది. తరగతిలో నల్లజాతి, శ్వేతజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న), ఆసియా కుటుంబాల పిల్లలు కలిసి కూర్చుంటారు. ఈ దేశంలో పెరగని మీరు ఈ విషయం వాళ్ళకు చెప్పవచ్చా, చెబితే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి మనసూ గాయపడకుండా ఎలా నడిపించాలి అన్నది మీ సందేహం. నేను 16 ఏళ్ళుగా ఇక్కడి పబ్లిక్ స్కూళ్ళలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. వచ్చిన కొత్తలో నాకూ ఇదే బెరుకు ఉండేది, కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

చెప్పవచ్చు, తప్పకుండా చెప్పండి. అయితే రేస్ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. నవలలో రాసి ఉన్నదాన్ని పిల్లల చేత నిదానంగా చదివించి, అక్కడ ఏం జరిగింది, ఎవరు జరిపించారు, ఎవరు ఏం పోగొట్టుకున్నారు అన్నది వాళ్ళ నోటితోనే చెప్పించండి. చర్చ ఎటు జారినా మళ్ళీ పేజీ దగ్గరికి తీసుకురావడం మీ పని. నా అనుభవంలో మిగతా జాగ్రత్తలన్నీ ఈ ఒక్క పద్ధతిలోంచి పుట్టుకొచ్చినవే.

పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లలకు అన్యాయం కంటబడితే ఒళ్ళు మండుతుంది. అదే పిల్లలు, పెద్దవాళ్ళు నీతిబోధకు దిగారని పసిగడితే చాలు, మౌనంలోకి వెళ్ళిపోతారు. ఉపన్యాసానికి ఏ జవాబు ఆశిస్తున్నారో వాళ్ళకు ముందే తెలుసు. "వివక్ష తప్పు" అని రాసి, మార్కులు తెచ్చుకుని, ఏమీ ఆలోచించకుండానే గది దాటిపోగలరు. నవల దగ్గర అది సాగదు. తనకు ఇష్టమైన పాత్ర తప్పు చేసినప్పుడు, మంచివాడనుకున్న మనిషి నోరు మెదపనప్పుడు, ఏం అనుకోవాలో ఎవరూ చెప్పరు. ఆ తికమకలోనే అసలు చదువు జరుగుతుంది.

ముందుగా ఆ 'రేస్' అన్న పదం గురించి ఒక మాట. తెలుగులో 'జాతి' అంటే ఒక దేశ ప్రజలని అర్థముంది, కులమని అర్థముంది, జంతువుల రకమనే అర్థమూ ఉంది. అందుకే ఇక్కడ రేస్ అనే రాస్తున్నాను. మన మనసులో ఈ మాట వెంటనే కులం పక్కకు చేరిపోతుంది. పుట్టుకతోనే ఒక మనిషికి తక్కువతనం అంటగట్టడం రెండింటిలోనూ ఉంది కాబట్టి, ఆ పోలిక మీరు లోలోపల అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. తరగతిలో మాత్రం దాన్ని వివరణగా వాడకండి. అమెరికాలో రేస్‌కు తనదైన చరిత్ర ఉంది: బానిసత్వం, దాన్ని కాపాడిన చట్టాలు, అది రద్దయ్యాక బళ్ళనూ బస్సులనూ శ్మశానాలనూ కూడా విడదీసిన చట్టాలు, వాటి మీద నడిచిన పోరాటం. మీ పిల్లలు చదివే నవల ఆ చరిత్రలోంచి వచ్చింది. దాన్ని మన చరిత్రతో పోల్చడం మొదలుపెడితే పిల్లలకు రెండూ అర్థం కావు.

రేస్ అంటే ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు గీసి, తమ అవసరం కొద్దీ అటూ ఇటూ జరిపిన గీత. ఈ సంగతి నవల తెరవడానికి ముందే ఒక పీరియడ్‌లో తేల్చుకోవాలి. ఏ ఇద్దరు మనుషుల జన్యుక్రమం తీసుకున్నా దాదాపు 99.9 శాతం ఒకటే అని సైన్సు టీచర్ చెబుతారు, కానీ అది పిల్లల తలకెక్కి నిలవదు. కథ అయితే నిలుస్తుంది. మీరు భారతీయులు కాబట్టి మీ చేతిలోనే మంచి కథ ఉంది.

1790 నాటి అమెరికా చట్టం ప్రకారం, బయటి నుంచి వచ్చినవాళ్ళలో స్వేచ్ఛ కలిగిన 'శ్వేతజాతి వ్యక్తులకు' మాత్రమే పౌరసత్వం దక్కేది. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు, ఆసియా వాళ్ళను చేర్చలేదు. జపాన్‌లో పుట్టిన టకావో ఒజావా తన ఒంటిరంగు తెలుపేనని వాదిస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1922 నవంబరులో కోర్టు ఆయనకు చెప్పిందేమిటంటే, రంగు కాదు ముఖ్యం, 'కాకేసియన్' (ఆనాటి శాస్త్రజ్ఞులు ఐరోపావాళ్ళను చేర్చిన వర్గం) అయి ఉండాలి అని. మూడు నెలల తర్వాత, 1923 ఫిబ్రవరిలో, పంజాబ్ నుంచి వచ్చి మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ కేసు తీర్పుకొచ్చింది. ఆనాటి శాస్త్రజ్ఞుల లెక్కలో ఉత్తర భారతీయులు కాకేసియన్లే కదా అన్నది ఆయన వాదన. ఈసారి అదే కోర్టు, శాస్త్రం ఏమన్నా సరే, సామాన్యుడి దృష్టిలో ఆయన శ్వేతజాతీయుడు కాడు అని తేల్చింది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి. ఈ రెండు తీర్పుల సారాన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన ముద్రించి ఇస్తాను. ఒక ఏడాది వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి, సాధారణంగా పెదవి విప్పనివాడు, "అంటే జవాబు ముందే రాసుకుని, కారణం తర్వాత వెతుక్కున్నారా?" అని అడిగాడు. ఆ పీరియడ్‌లో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే వచ్చేసింది. జనాభా లెక్కల సంగతి కూడా చేర్చవచ్చు. 1920 నుంచి 1940 వరకు అమెరికా జనగణనలో భారతీయులను, ఏ మతం వాళ్ళయినా, 'హిందూ' అనే రేస్ కింద రాశారు. 1970లో శ్వేతజాతిలో కలిపేశారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అన్న గడి పెట్టారు. మనుషులు వాళ్ళే, మారిందల్లా పత్రంలోని గడి.

ఇక నవల. నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది మిల్డ్రెడ్ డి. టేలర్ 1976లో రాసిన 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై'. దానికి 1977లో, అమెరికాలో బాలసాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది. కథాకాలం 1933, స్థలం మిసిసిపీ. తొమ్మిదేళ్ళ కేసీ లోగన్ అనే నల్లజాతి అమ్మాయి కథ చెబుతుంది. మొదటి అధ్యాయంలో ఆమె చిన్న తమ్ముడు, ఆరేళ్ళవాడు, మొదటిసారి బడికి వెళ్తున్నాడు. బట్ట నలగకూడదు, మట్టి అంటకూడదు అనుకునే పిల్లాడు. దారిలో తెల్లపిల్లల బడి బస్సు వాడి మీద ఎర్రమట్టి చిమ్ముకుంటూ పోతుంది. బళ్ళో ఆ ఏడాది పిల్లలకు తొలిసారి పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారని టీచర్ సంబరంగా చెబుతుంది. వాడికి వచ్చిన పుస్తకం మురికిగా ఉంది. వేరేది ఇవ్వమని అడిగితే టీచర్ కుదరదంటుంది. సరేనని తెరిచి లోపలి అట్ట చూసినవాడు, పుస్తకాన్ని నేలకేసి కొట్టి కాళ్ళతో తొక్కుతాడు.

ఆ లోపలి అట్ట మీద ఒక పట్టిక ఉంటుంది. పుస్తకం ఏ ఏడాది ఎవరికి ఇచ్చారు, అప్పటికి దాని స్థితి ఏమిటి, తీసుకున్న విద్యార్థి రేస్ ఏది అన్న గడులు. 1922లో కొత్తది, తెల్లపిల్లలకు. అక్కడి నుంచి ఏటా ఒక వరుస. స్థితి మెల్లగా దిగజారుతుంది, రేస్ గడి మాత్రం మారదు. పన్నెండో వరుస దగ్గర, 1933లో, స్థితి 'చాలా అధ్వానం' అయ్యాక, రేస్ గడిలో తొలిసారి నల్లపిల్లలను సూచించే మాట పడుతుంది, అదీ వంకర చేసి రాసిన మాట.

ఈ పేజీని నేను ఎలా చెబుతానో దగ్గరగా చూపిస్తాను. కథ చెప్పను, వివరణ ఇవ్వను. ఆ పట్టికను పెద్దక్షరాల్లో కాపీ తీసి ప్రతి బల్ల మీదా పెడతాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, పెన్సిలుతో గుర్తులు పెట్టుకోవడమే. మొదటి రెండు నిమిషాలు గింజుకుంటారు. తర్వాత గదిలో చప్పుడు తగ్గుతుంది. ఒకరు స్థితి గడి వెంట పైనుంచి కిందికి వేలు జరుపుతారు. ఇంకొకరు ఏళ్ళు లెక్కపెడతారు. అప్పుడు మూడే ప్రశ్నలు అడుగుతాను: ఈ గడులు ఎవరు గీశారు? ప్రతి ఏడూ వీటిని నింపింది ఎవరు? నింపుతున్నప్పుడు వాళ్ళకు ఏమనిపించి ఉంటుంది? మూడో ప్రశ్నకు పిల్లలు ఎక్కువగా ఇచ్చే జవాబు "ఏమీ అనిపించి ఉండదు" అనే. అది పుస్తకాల లెక్క రాసే ఒక గుమాస్తా పని, అంతే. వివక్ష అంటే తిట్టడం, కొట్టడం అనుకునే పన్నెండేళ్ళ పిల్లలకు, చక్కని చేతిరాతతో గడులు నింపడంలోనూ అది ఉంటుందని అప్పుడు తెలుస్తుంది. నేను ఎంత గొంతు చించుకున్నా 'వ్యవస్థ' అన్న మాటను ఇంత బాగా చెప్పలేను.

ఆ తర్వాత కథలోని ఒక వాక్యం చదివిస్తాను. పట్టికలో ఖాళీ వరుసలు ఇరవయ్యో వరుస దాకా ఉన్నాయనీ, అవన్నీ నల్లపిల్లల కోసం మిగిల్చినవేనని తనకు తెలుసుననీ కేసీ చెబుతుంది. బోర్డు మీద 13 నుంచి 20 దాకా ఖాళీ వరుసలు నేనే గీస్తాను. ఎనిమిది వరుసలు, వరుసకు ఒక ఏడాది అనుకుంటే 1941 దాకా. అప్పటికే చిరిగిపోయిన పుస్తకంతో ఇంకా ఎనిమిదేళ్ళు చదవబోయే పిల్లలు ఎవరో ఆ గీతల్లో కనిపిస్తారు. బళ్ళను రేస్‌ను బట్టి విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 1954 మేలో. ఆ ఏడాదిని కూడా బోర్డు మీద రాసి, మధ్యలో ఎంత దూరముందో లెక్కపెట్టమంటాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి, మీరు అది చేయకూడదు కాబట్టి. నా రెండో ఏట, ఇదే నవల చెబుతున్నప్పుడు, ఆ సెక్షన్లో నల్లజాతి విద్యార్థి ఒక్కడే ఉండేవాడు. మంచి చదువరి. ఒక సన్నివేశం దగ్గర ఆగి, అతని వైపు తిరిగి, "నీకేమనిపించింది?" అని అడిగాను. ఆదరంతోనే అడిగానని నా భ్రమ. ఇరవై ఎనిమిది తలలు అతని వైపు తిరిగాయి. అతను పేజీలో వేలు అలాగే ఉంచి పుస్తకం మూశాడు. "తెలియదు" అన్నాడు. ఆ నవల అయ్యేదాకా మళ్ళీ చెయ్యెత్తలేదు. ఆ నెలలో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన అతని తల్లి ఎంతో మర్యాదగా, "మా వాడు ఇక్కడికి చదువుకోవడానికి వస్తున్నాడు, సాక్ష్యం చెప్పడానికి కాదు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

ఏ పిల్లాడినీ, ఏ పిల్లనూ వాళ్ళ రేస్‌కు ప్రతినిధిగా నిలబెట్టకండి. పేరు పెట్టి పిలవడమే కాదు, ఆ సన్నివేశం వచ్చినప్పుడు వాళ్ళ వైపు చూడటం కూడా అలాంటిదే. మన కళ్ళు ఎటు తిరిగితే తరగతి అటు తిరుగుతుంది. చెప్పాలనుకునేవాళ్ళు తామే చెబుతారు, చెప్పినప్పుడు విని, పొగిడి పెద్దది చేయకుండా పాఠంలోకి వెళ్ళండి. నేను ఆ తర్వాత నుంచి ప్రతి పాఠం చివరా చిన్న కాగితాలు ఇస్తున్నాను. గదిలో అనలేనిది అందులో రాస్తారు, నేను తప్ప ఎవరూ చదవరు. మర్నాడు రాసినవాళ్ళు ఎవరో తెలియకుండా, అదీ వాళ్ళు ఒప్పుకుంటేనే, ఒకటి రెండు ఆలోచనలను చర్చకు పెడతాను.

నవలల్లో నల్లజాతివారిని అవమానించే ఆ ఒక్క మాట వస్తుంది. దాని గురించి మీ నియమం నవల మొదలుపెట్టక ముందే స్పష్టంగా ఉండాలి. నా గదిలో దాన్ని నేను పలకను, ఎవరి చేతా పలికించను, ఎవరి రేస్ ఏదైనా సరే. పుస్తకంలో అచ్చయి ఉన్నదాన్ని కొట్టివేయను, బిగ్గరగా చదివేటప్పుడు దాటివేస్తాం. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు ఎవరి మీద ఎందుకు వాడారు, రచయిత దాన్ని ఎందుకు ఉంచారు అన్నది ఒకసారి నిలబడి సూటిగా చెబుతాను. "బయట మేము అనుకుంటాం కదా?" అని నల్లజాతి పిల్లలు అడుగుతారు. బయట మీరెలా మాట్లాడుకుంటారో అది మీ ఇష్టం, ఈ గదిలో అందరికీ ఒకటే నియమం అని చెప్పి ఊరుకుంటాను. మన యాస ఉన్న గొంతుతో ఈ నియమం చెప్పవలసి వచ్చినప్పుడు తడబాటు వస్తుంది. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అని చూసుకుని వెళ్ళండి.

పుస్తకాల ఎంపిక మీ చేతిలో ఎంతవరకు ఉందో మీరు చెప్పలేదు. కాస్తయినా ఉంటే ఈ సంగతి చూసుకోండి. రుడీన్ సిమ్స్ బిషప్ అనే పండితురాలు 1990లో రాసిన వ్యాసంలో, పిల్లలకు పుస్తకాలు అద్దాలుగానూ కిటికీలుగానూ ఉండాలన్నారు. తమను తాము చూసుకోవడానికి అద్దం, ఇతరుల బతుకు చూడటానికి కిటికీ. కొంతమంది పిల్లలకు ఏళ్ళ తరబడి కిటికీలే దొరుకుతాయి, ఇంకొంతమందికి అద్దాలే దొరుకుతాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని బాలల పుస్తకాల కేంద్రం లెక్క ప్రకారం, 2013లో వచ్చిన సుమారు 3,200 పుస్తకాల్లో నల్లజాతి వారి గురించినవి 93. ఆ తర్వాతి ఏళ్ళలో పరిస్థితి మెరుగైంది కాబట్టి, మీకు ఎంచుకునేందుకు చాలానే ఉన్నాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రేస్ గురించిన పుస్తకం అంటే బాధల పుస్తకమే అనుకోవడం. ఏడాదంతా నల్లజాతి పాత్రలు కొరడా దెబ్బలు తింటూ, తూటాలకు బలవుతూనే కనిపిస్తే, ఆ రేస్ పిల్లలకు తమ బతుకులో ఇంకేమీ లేదన్నట్టు ఉంటుంది. మిగతా పిల్లలు జాలి ఒక్కటే నేర్చుకుంటారు. జాలి పడేవాడు పైమెట్టు మీదే నిలబడి ఉంటాడు. అందుకే నేను క్రిస్టఫర్ పాల్ కర్టిస్ 1995 నాటి నవల 'ది వాట్సన్స్ గో టు బర్మింగ్‌హామ్ – 1963' వంటివి ఇష్టపడతాను. అందులో చాలా పేజీల దాకా ఒక కుటుంబం అల్లరి, అన్నదమ్ముల తగువులు, నవ్వులే. పిల్లలు ఆ ఇంటివాళ్ళయిపోతారు. ఆ తర్వాతే 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ చర్చిలో పేలిన బాంబు కథలోకి వస్తుంది. నిజంగా ఆ రోజు చనిపోయిన నలుగురు అమ్మాయిల్లో ముగ్గురికి 14 ఏళ్ళు, ఒకరికి 11. అప్పటికే తాము ప్రేమించిన ఇంటికి జరిగినట్టు చదువుతారు కాబట్టి, దాన్ని చరిత్ర పాఠంలోని తేదీలా మర్చిపోరు.

ఇప్పటి కాలపు కథ కావాలంటే జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్'. ఇది బొమ్మల నవల, 2019లో వచ్చింది, 2020లో న్యూబెరీ మెడల్ పొందింది. ఆ బహుమతి ఒక బొమ్మల నవలకు రావడం అదే మొదటిసారి. ఏడో తరగతి నల్లజాతి పిల్లాడు జోర్డన్, ఎక్కువమంది శ్వేతజాతి సంపన్న పిల్లలుండే ప్రైవేటు బడిలో చేరతాడు. ఎవరూ ఎవరినీ కొట్టరు. కానీ ఒక టీచర్ డ్రూ అనే నల్లజాతి పిల్లాడిని పదేపదే వేరే నల్లజాతి విద్యార్థి పేరుతో పిలుస్తూ ఉంటుంది. అది చదివాక నా క్లాసులో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సెప్టెంబరంతా మీరు మా ఇద్దరి పేర్లూ తారుమారు చేశారు" అంది. నిజమే, ఇద్దరు లాటినా అమ్మాయిలను నేను అలాగే పిలిచాను. అక్కడే, అందరి ముందూ క్షమాపణ చెప్పాను, సాకులేమీ వెతకలేదు. మీకు ఈ పరిస్థితి వస్తే అలాగే చేయండి. పెద్దవాళ్ళు ఎలా తప్పు ఒప్పుకుంటారో పిల్లలు చూడటం నవలలోని ఏ అధ్యాయానికీ తీసిపోదు.

ఆసియా పిల్లలున్న తరగతిలో జీన్ లుయెన్ యాంగ్ బొమ్మల నవల 'అమెరికన్ బార్న్ చైనీస్' బాగా పనిచేస్తుంది, అయితే ఎనిమిదో తరగతికైతే మేలు. చైనీయుల మీద ఉన్న వెక్కిరింతలన్నీ పోగుచేసి తయారుచేసిన పాత్ర ఒకటి అందులో ఉంది. రచయిత ఉద్దేశం ముందే పట్టుకోని పిల్లలు ఆ వెక్కిరింతకే పగలబడి నవ్వుతారు, పక్కన కూర్చున్న చైనా పిల్లాడు తల దించుకుంటాడు. వాల్టర్ డీన్ మయర్స్ 'మాన్‌స్టర్' కూడా ఎనిమిదో తరగతికే. పదహారేళ్ళ అబ్బాయి హత్య కేసులో నిందితుడిగా కోర్టులో కూర్చుని, తన విచారణను సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు. మీ బడి జాబితాలో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' ఒక్కటే ఉంటే అది చెప్పండి, మంచి నవలే. కానీ దాని కథ చెప్పేది శ్వేతజాతి అమ్మాయి, పోరాడేది ఆమె తండ్రి. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో ఆ నల్లజాతి నిందితుడు టామ్ రాబిన్సన్ మనసులో ఏముందో మనం లోపలి నుంచి ఎప్పుడూ వినం. ఆ లోటునే ప్రశ్నగా అడిగించి, పక్కన నల్లజాతి రచయిత రాసిన ఒక చిన్న కథైనా చదివించండి.

నాటకాలు, అభినయాలు వద్దు. బానిసల వేలం ఆడించడం, తరగతిని రెండుగా చీల్చి ఒక సగాన్ని అవమానించడం లాంటివి ఇప్పటికీ అక్కడక్కడా జరుగుతుంటాయి. అయోవా రాష్ట్రంలో జేన్ ఎలియట్ అనే టీచర్ 1968లో మూడో తరగతి పిల్లలను కళ్ళ రంగును బట్టి విడదీసి చేసిన ప్రయోగం గురించి మీరు విని ఉంటారు. దాన్ని చూసి ఉత్సాహపడకండి. ఆ బాధ ఇంతకుముందే తెలిసిన పిల్లలకు అది రెండోసారి బాధ, తెలియని పిల్లలకు ఒక పూట ఆట. మనకు నవల ఉంది, అంతకంటే లోతుగా వెళ్ళడానికి ఎవరినీ ఏడిపించనక్కర్లేదు.

శ్వేతజాతి పిల్లల్లో కొందరు ముడుచుకుపోతారు. "మా ముత్తాతలు ఇలా చేశారా?" అని ఒక పిల్ల కాగితంలో రాసింది. నువ్వు పుట్టకముందు జరిగినదానికి నువ్వు దోషివి కావు, అయినా అది ఎలా జరిగిందో తెలుసుకునే హక్కు అందరితోపాటు నీకూ ఉంది అని రాసి ఇచ్చాను. ఇలాంటి పిల్లలకు కథలోని శ్వేతజాతి పాత్రలన్నీ ఒకేలా లేవన్న సంగతి కూడా చూపించాలి. టేలర్ నవలలో లోగన్ పిల్లలతో స్నేహం కోసం తపించే జెరెమీ ఉన్నాడు, వాళ్ళ తరఫున నిలబడే లాయరు జేమిసన్ ఉన్నాడు. వాళ్ళు ఎంతవరకు రాగలిగారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది మంచి చర్చ.

మన పిల్లల సంగతి వేరు. ఇది నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ మధ్య వ్యవహారమనీ, తమకు సంబంధం లేదనీ అనుకుంటారు. మొదట్లో చెప్పిన థిండ్ పాఠం వాళ్ళను కొంత కదిలిస్తుంది. అంతకంటే లోతుగా కదిలించినది, నా దగ్గర చదివిన ఒక తెలుగు అమ్మాయి రాసుకున్న మాట. ఇంట్లో పెద్దవాళ్ళు 'నల్లోళ్ళు' అంటూ తన స్నేహితురాలి ఎదుటే ఏదేదో మాట్లాడతారట. "ఆమెకు తెలుగు రాదు కాబట్టి పరవాలేదనుకుంటారు. నాకు వచ్చు కదా" అని రాసింది. ఈ సమాధానం చదివే తెలుగువాళ్ళందరికీ, ఉపాధ్యాయులు కాకపోయినా, ఆ వాక్యం చేరాలని ఇక్కడ పెడుతున్నాను. మీరు కూడా తరగతికి వెళ్ళేముందు మీ నోట ఉన్న మాటలను ఒకసారి తడిమి చూసుకోండి.

చట్టాల గురించి మీకు భయం ఉన్నట్టుంది, అది సహజం. 2021 నుంచి టెక్సస్, టెనెస్సీ, ఓక్లహామా, ఫ్లోరిడా సహా అనేక రాష్ట్రాలు రేస్ గురించి తరగతిలో ఎలా మాట్లాడాలన్న దాని మీద ఆంక్షలు పెట్టాయి. ఆ ఏడాదే టెక్సస్‌లోని ఒక పాఠశాల జిల్లా (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్ళను నడిపే సంస్థ) 'న్యూ కిడ్'ను కొన్నాళ్ళు పక్కనపెట్టి, సమీక్ష తర్వాత మళ్ళీ అరల్లో పెట్టింది. మీ రాష్ట్రం చట్టాన్ని వార్తల్లో కాకుండా మూలపాఠంలోనే చదవండి. ఉదాహరణకు టెనెస్సీ చట్టంలో, ఒక వర్గం మీద చరిత్రలో జరిగిన అణచివేతను నిష్పక్షపాతంగా బోధించడానికి చోటుంది. తర్వాత, నవల ఎందుకు ఎంచుకున్నారు, ఏ పాఠ్య ప్రమాణాలకు సరిపోతుంది, అభ్యంతరపెట్టేవాళ్ళకు బదులుగా ఏ పుస్తకం ఇస్తారు అన్నది ఒక పేజీలో రాసి, ప్రిన్సిపల్‌కు చూపించి దాచుకోండి. మీ వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఈ కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నవల మొదలుపెట్టే రెండు వారాల ముందే ఇళ్ళకు ఉత్తరం పంపండి, అందులో ఆ అవమానకరమైన మాట వస్తుందని దాచకుండా రాయండి. నాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పుస్తకం మీద కాదు, ముందుగా తెలియజేయలేదన్న దాని మీద. లైబ్రేరియన్‌తో మొదటి వారంలోనే పరిచయం చేసుకోండి, ఇలాంటి సమయాల్లో బడిలో మీకు దొరికే గట్టి తోడు ఆమె లేదా ఆయనే.

మార్కుల దగ్గర నేను ఒక్క నియమం పాటిస్తాను. అభిప్రాయానికి మార్కులు లేవు, పేజీలోంచి చూపిన ఆధారానికే. "కేసీ స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు?" అని అడగను. అందరూ వీరులైపోతారు, దానివల్ల తెలిసేదేమీ ఉండదు. నేను ఏటా ఇచ్చే ప్రశ్న వేరు. కేసీ తల్లి అదే బడిలో ఏడో తరగతి టీచర్. పట్టిక సంగతి తెలిశాక ఆమె కాగితం కత్తిరించి, జిగురు రాసి, ఆ లోపలి అట్ట మీద అంటించేస్తుంది. కొంతకాలం తర్వాత స్కూల్ బోర్డు మనుషులు ఆమె తరగతికి వస్తారు. ఆమె పుస్తకంలో లేని బానిసత్వ చరిత్ర చెబుతోందనీ, పుస్తకాలకు కాగితాలు అంటించిందనీ చూసి ఉద్యోగం తీసేస్తారు. "ఆ కాగితం ఏం మార్చింది, ఏం మార్చలేకపోయింది?" అన్నదే ప్రశ్న. ఒక అబ్బాయి ఇలా రాశాడు: "కాగితం కింద పట్టిక అలాగే ఉంది. కానీ రేపు ఆ పుస్తకం తెరిచే పిల్లాడు ముందుగా చూసేది వాళ్ళమ్మ అంటించిన కాగితాన్ని." అతనికి ఇంగ్లీషులో అక్షరదోషాలు చాలా ఉండేవి. ఆ కాగితాన్ని దిద్దకుండా అలాగే తిరిగి ఇచ్చాను.

మీ రాష్ట్రం ఏదో, బడి మీకు ఇచ్చిన నవల ఏదో ఇక్కడ రాయండి. ఏ అధ్యాయం దగ్గర ఆగాలి, మొదటి ఐదు రోజులు ఎలా పంచుకోవాలి అన్నది నా పాత నోట్సు చూసి వివరంగా చెబుతాను.